గోదావరి కొలత చెప్పిన మనిషి

నా పెనిమిటి పోశెట్టి మొన్న పొద్దున పరమపదించారు. గోదావరి ఒడ్డున నీటి కొలత రాసి, తువ్వాల తలకింద పెట్టుకుని ఒరిగినవారు మళ్లీ లేవలేదు. కబురు తెచ్చిన పడవవానితో, "లేపి తోల్కరా పో, జొన్న గట్క సల్లారుతంది" అన్నాను. నలభై ఏళ్ల కాపురంలో ఆయన పేరు నోట పలికినదాన్ని కాను. ఇక్కడ రాయడమే మొదలు.

కొన్నేళ్ల కిందట మంథనికి ఎగువన బొగ్గుతో కరెంటు తీసే స్టేషన్ కడతామన్నారు. బొగ్గు చేరువలోనే ఉంది, పైకం అప్పు తేవాలి. అప్పిచ్చేవారు అడిగింది ఒక్కటే: నడి ఎండాకాలంలో యంత్రాలకు చాలినన్ని నీళ్లు గోదావరిలో ఉంటాయా? ఆ కొలత రోజూ రాసే కొలువు ఈయనది.

అలలకు అంకె తడబడుతుందని నా వడ్ల గంప అడుగు కోసి, నదిలో అంకెలు వేసిన కర్ర చుట్టూ దిగవేశారు. కొత్త గంప! "మంచి గంప ఖరాబు జేసినవు గద" అని మూడు రోజులు తిట్టాను. "నీళ్లు నిలవడితెనే నిజం కనవడ్తదే" అన్నారు.

ఆ వేసవిలో నది బాగా సన్నబడింది. పై ఉద్యోగి ఒకాయన ఇంటికే వచ్చి, "పోశెట్టీ, జర పెంచి రాయరాదె. అప్పు రాకుంటె అందరం పరేషాన్" అన్నాడు. మా కొడుకు నౌకరీ ఆశ కూడా ఆ స్టేషన్ మీదే. నేనే తలుపు చాటు నుంచి, "జానెడు ఎక్కువ రాస్తె గోదారి వచ్చి అడుగుతదా?" అన్నాను.

"గోదారి అడగది. నీళ్లు లేక మిషిన్లు ఆగిననాడు నీ కొడుకే అడుగుతడు" అన్నారు ఈయన.

ఉన్నదే రాశారు. అప్పు ఆగిపోయింది. హోటల్ ముందు, "జరుగుండ్రి, గోదారిని ఎండవెట్టినాయన వస్తుండు!" అని నవ్వారు. కొడుకు మందమర్రి గనిలో చేరి ఇంటికి రావడం మానుకున్నాడు. ఆ ఏడంతా నేను ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టి అవతలికి పోయేదాన్ని. అయినా రోజూ గడపలో నిలబడి ఆనాటి కొలత నాకు చెప్పేవారు.

ఏడాదికి ఆ అంకెలను బట్టే, ఎండాకాలానికి నీళ్లు నిలవ చేసే కట్టను కూడా స్టేషన్ ప్లానులో చేర్చారు. అప్పు మంజూరైంది. శంకుస్థాపనకు ఆయన్ను ఎవరూ పిలవలేదు. ఆ పొద్దూ కొలతకే పోయి వచ్చారు. "తిన్నవా?" అని అడిగాను. అంతకు మించి క్షమాపణ నాకు చేతకాలేదు.

అటువంటి సత్యనిష్ఠాపరుడు ఈ తీరాన మళ్లీ పుట్టడు. గంప తెచ్చుకుందామని ఈ పొద్దున రేవుకు పోయాను. లోపల నీళ్లు కదలక నిలిచి ఉన్నాయి. తీయబుద్ధి కాలేదు. ఇంటికొచ్చి గడపలో నిలబడి, "ఇయ్యాల మూడడుగుల రెండంగుళాలు" అని చెప్పాను.

ఒకప్పుడు నేను పలకనట్టే, ఇల్లు పలకలేదు.