నిమిషానికో కళ్లజోడు

ఆ రోజుల్లో, అంటే ఫోనున్న ఇంటికి వాడకట్టంతా చుట్టాలైన తొంభైలలో, పని బాగా చేయడమంటే త్వరగా చేయడమేనని నాకు గట్టి నమ్మకం ఉండేది. డిగ్రీ పాసై, అశోక్‌నగర్‌లోని మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరంలో, చిక్కడపల్లిలో ఒక కళ్లజోళ్ల దుకాణంలో కౌంటర్ మీద కుదిరాను. నారాయణగూడ కంటి డాక్టరు రాసిచ్చిన చీటీలు తీసుకోవడం, ఫ్రేములు చూపించడం, తయారైన జోడు చేతికివ్వడం నా పని. "కస్టమర్‌ని నిలబెట్టొద్దమ్మా" అని ఓనర్ సారు మొదటిరోజే చెప్పారు. కూర్చోబెట్టి మాట్లాడమని ఆయన ఉద్దేశం. వచ్చినవాళ్లను వచ్చినంత వేగంగా సాగనంపమని నేను అర్థం చేసుకున్నాను. నెల తిరిగేసరికి మనిషికి ఒక్క నిమిషం చాలనే స్థాయికి ఎదిగాను. (ఈ సంగతి ఇంట్లో రోజూ చెప్పేదాన్ని. అడిగినవాళ్లు లేరు.)

లోపలి గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే ఆయన్ని ఫిట్టరన్న అనేవాళ్లం. చెయ్యి బహు నాజూకు, మాట బహు పొడుగు. ఏ సంగతైనా మొదటినుంచి చెబితే తప్ప ఆయనకు చెప్పినట్టుండదు. ఒక శనివారం కౌంటర్ ముందు ఏడెనిమిది మంది నిలబడి ఉండగా, ఒకే రకం నల్ల ఫ్రేముల జోళ్లు రెండు ట్రేలో పెట్టుకొని వచ్చి, "అమ్మా, జర ఇను. పొద్దుగాల నల్లాల నీళ్లొచ్చినయి కద..." అని మొదలుపెట్టాడు. "నల్లా ముచ్చట తర్వాత, అన్నా" అని ట్రే అందుకున్నాను. "గది గాదమ్మా, బకిట్ల నీళ్లు పడుతుంటే..." "అన్నా, జనం ఉన్నరు!" ఆయన నన్నూ జనాన్నీ చూసి లోపలికి వెళ్లిపోయాడు. ఇంకో రెండు మాటలు విని ఉంటే, ఆ నీళ్లు చింది పేర్ల చీటీలు ఊడిపోయాయనీ, తాను అందాజుగా మళ్లీ అంటించాడనీ, ఇచ్చేముందు పవరు సరిచూడాలనీ తెలిసేది.

ఒక జోడు కవాడిగూడ బస్తీలో ఉండే ఒక మేస్త్రీది. పాలమూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా గోడలు కడుతున్నాడు. జోడు పెట్టుకొని గుమ్మందాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. "బిడ్డా, నేల ఒక దిక్కు లేసినట్టు అగుపడ్తున్నది." "కొత్తయి కద, నాలుగు రోజులైతే అలవాటైతది" అన్నాను. (ఆ వ్యాపారంలో ఇది మంత్రం లాంటిది. చాలాసార్లు నిజం కూడా.) చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని తలూపి, మెట్టు లేని చోట కాలెత్తి వేస్తూ వెళ్లిపోయాడు. రెండో జోడు మా వీధిలోనే ఉండే ఒక రిటైర్డు టీచరమ్మది. ఆమెకూ ఆ మంత్రమే చెప్పి పంపాను.

బుధవారం మేస్త్రీ మళ్లీ వచ్చాడు. జోడు చేతిలో ఉంది, ముఖంలో కోపం లేదు. "గోడ నిలువు చూసే గుండు ఒకటి జెప్తది, నా కండ్లు ఒకటి జెప్తయి. గుండే ఖరాబైందని కొత్తది గూడ కొన్న, బిడ్డా." లోయర్ ట్యాంక్ బండ్ దగ్గర ఆయన కట్టిన గోడ ఛాతీ ఎత్తుకొచ్చేసరికి రోడ్డు మీదికి వంగిందట. కంట్రాక్టరు ఆయనతోనే కూలగొట్టించి, తాపీ లాక్కుని ఇసుక మోసే పనిలో పెట్టాడట. "నా చెయ్యి పోయిందనుకున్న. ఊరికి పోదమని మూట గట్టిన. మా ఆమెనే, ఒక్కసారి అడిగి రాపో అన్నది."

ఫిట్టరన్నను పిలిచాను. ఆయన జోడును పవరు చూసే యంత్రం కింద పెట్టి, నిట్టూర్చి, నల్లా నీళ్లు రావడం దగ్గరనుంచి మొదలుపెట్టాడు. ఈసారి ఆఖరుదాకా విన్నాను.

టీచరమ్మ ఇంటికి పరుగెత్తితే, తన దగ్గరున్న మేస్త్రీ జోడు ఇవ్వనంది. "నువ్వు నాలుగు రోజులన్నవు, నాకు మూడు రోజులకే అలవాటైంది. పేపర్ల అక్షరాలు పక్కకు ఒరిగినయి, నేను గూడ పక్కకు ఒరిగి చదువుతున్న. ఏం తక్లీఫ్ లేదు" అంది, మెడ మీద జండూబామ్ రుద్దుకుంటూ. ఆమె సొంత జోడు పెట్టి పేపరు చేతికిస్తే, మెడ నిలబెట్టి ఒక పేజీ అంతా చదివి, "మరి ఇది ముందే ఇయ్యొచ్చు గదా" అంది.

మర్నాడు పొద్దున ఫిట్టరన్నా నేనూ మేస్త్రీ జోడు పట్టుకొని పని జరిగే చోటికి వెళ్లాం. "తప్పు ఆయనది కాదు సార్, నాది" అని కంట్రాక్టరుతో చెప్పాను. ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, "అద్దాల దుకాణపోళ్లు గోడ పడగొట్టుడు ఇదే చూస్తున్న" అని, మేస్త్రీకి తాపీ తిరిగి ఇచ్చాడు. రెండు వరుసలు లేచేదాకా ఇటుకల మీద కూర్చున్నాను. మేస్త్రీ ఊళ్లో ఉన్న తన ఎద్దుల గురించి, కూతురి బడి గురించి, సిమెంటులో కలిసే కల్తీ గురించి చెప్పాడు. కళ్ల గురించి ఒక్క ముక్క లేదు. ఫిట్టరన్న అన్నింటికీ మొదటినుంచి జవాబులిచ్చాడు.

ఆ తర్వాత కౌంటర్ మీద నా వేగం బాగా పడిపోయింది. ఓనర్ సారు గమనించి, కౌంటర్ ముందు ఇంకో రెండు కుర్చీలు వేయించారు. ఇప్పుడు, అప్పటి నేనైన ఆ పిల్లను తలుచుకుంటే నాకు కోపం రాదు, కొంచెం నవ్వొస్తుంది. అందరినీ అంత గబగబా పంపించేసి మిగుల్చుకున్న నిమిషాలతో ఏం చేసిందో మాత్రం, ఎంత ఆలోచించినా గుర్తుకు రాదు.