లచ్చుమమ్మ తెచ్చిన విమానం కోటు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మాది తోళ్ల వ్యాపారం. చచ్చిన గొడ్డుతో రోజూ పనిచేసేవాడు దేనికని భయపడతాడు? ఇంట్లో ఆడవాళ్లు దర్గా నుంచి తాయెత్తులు తెస్తే వెక్కిరించేవాణ్ణి.

రెండో ప్రపంచ యుద్ధమప్పుడు బెంగుళూరులో విమానాలవాళ్లకు తోలు కోట్లు కత్తిరించేవాణ్ణి. అది ముగిశాక కర్నూలులో అంగడి పెట్టాను. ఆ వేసవిలో ఒక మిట్టమధ్యాహ్నం మా వీధి లచ్చుమమ్మ కొంగు చాటున ఒక కోటు తెచ్చింది.

ఆమె ఒక్కగానొక్క కొడుకు విమానాల దళంలో చేరి బర్మా వైపు వెళ్లాడు. కనబడటం లేదని సర్కారు కబురు పంపింది, అంతే. ఇప్పుడెవడో వచ్చి, వాడు రంగూన్ ఆస్పత్రిలో ఉన్నాడనీ, గుర్తుగా ఈ కోటు పంపాడనీ, దారిఖర్చులిస్తే తీసుకొస్తాననీ చెప్పాడట. ఆమెకున్నది కాడెద్దులే. కోటు అసలుదని నేనంటే ఆ సాయంత్రమే అమ్మేస్తానంది. ఆ కోటు తెచ్చినవాడి మీద నాకు ఒళ్లు మండింది.

కోటు తిప్పి చూశాను. పటాలం కోటుకు వీపంతా ఒకే తోలు ఉంటుంది, దీనికి నడుమ అతుకుంది. పటాలంవాళ్లు పక్కన చేతులు దూర్చుకునే జేబులు పెట్టనివ్వరు, దీనికి రెండున్నాయి. మెడపట్టీ కింద సర్కారు చీటీ లేదు, ఊడదీసిన సూది గుర్తులైనా లేవు. అచ్చంగా బజారు సరుకు. ఏ విమానమూ ఎక్కిన కోటు కాదు.

ఇక తోలు రకం తేల్చాలి. మా చేతులు కాయలు కాసి మొద్దుబారి ఉంటాయి కాబట్టి తోలును చెంపకు ఆనించి చూస్తాం. ఆనించాను.

మంచుగడ్డలా ఉంది. ఉలిక్కిపడి తీసేశాను. బయట బండలు కాలిపోతున్నాయి, అంగడిలో తక్కిన తోళ్లన్నీ వెచ్చగానే ఉన్నాయి. రెండో చెంప ఆనిస్తే చలి పళ్లలోకి పాకింది. ఎండలో బండ మీద పరిచాను. కాసేపటికి ఇంకా చల్లబడింది.

చలి సంగతి మింగేసి, ఉన్నమాట చెప్పాను. "నకిలీదమ్మా. ఎద్దులమ్మొద్దు."

ఆమె కోటు తీసుకుని తన చెంపకు ఆనించుకుంది. తర్వాత దాన్ని మడిచి మళ్లీ కొంగు చాటున పెట్టుకుంది.

"అమ్మనులేప్పా," అంది. "నా బిడ్డ శానా సల్లగా ఉండాడు."

ఆ వారంలోనే కొడుక్కి కర్మ చేయించింది. కోటు తెచ్చినవాడు మళ్లీ రాలేదు.

అది బజారు కోటేనని ఇప్పటికీ ఒట్టేసి చెప్తాను. బిడ్డ పోయాడని మాత్రం ఆ తల్లికి నేను చెప్పలేదు. ఎవరు చెప్పారో నాకు తెలియదు.