ఏడు రోజుల తడి

కరోనా వచ్చిన ఏడాది నేను ఐర్లండ్‌లోని ఎన్నిస్ ఊళ్ళో మా అమ్మాయి ఇంట్లో చిక్కుకుపోయాను. కాన్పు చూసి, మూడు నెలలుండి వెళ్ళిపోదామని వచ్చినదాన్ని. విమానాలు ఆగిపోయాయి. అల్లుడు లిమరిక్ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి మాకు దూరంగా పైగదిలో ఉండేవాడు. కింద నేను, బాలింత, పసిబిడ్డ. బయట వాన.

మా ఆయన గల్ఫ్‌లో తాపీమేస్త్రి. అక్కడ ఎడారిలో ఒక్క ఏడాదిలో ఓ పెద్ద కాలనీ లేపేశారు. సిమెంటు పూత వేశాక గోడను ఏడు రోజులు తడపాలి. ఇది మా వైపు ఎవరినడిగినా చెబుతారు. పెళ్ళయిన కొత్తలో ఆయన పూత వేసిన గోడలకు బిందెలతో నీళ్ళు కొట్టింది నేనే. అక్కడ నీళ్ళు ట్యాంకరులో రావాలి. కంపెనీ వాళ్ళకు తొందర. మూడో రోజే రంగు వేయించేసేవారట. ఆ ఎండకు పూత అప్పడంలా ఎండిపోయేదని చెప్పేవాడు. రెండేళ్ళు తిరక్కుండానే గోడలు బీటలు వారాయి, పూత గుల్లబారింది. ఒక ఇంట్లో పై నుంచి పెచ్చు ఊడి ఉయ్యాలలో పడింది. దేవుడి దయ, బిడ్డ అందులో లేదు. ఆ పూత మా ఆయన వేసిందే. ఆ మాట నాకు ఒక్కదానికే చెప్పుకున్నాడు.

బాగుచేయడానికి మళ్ళీ ఈయన్నే పంపారు. ఈసారి గోనెపట్టాలు కట్టి, తడిపి తడిపి చేశాడు. ఆఖరి ఇంట్లో పిల్లల గది గోడ మిగిలింది. పూత వేశాడు, మూడు రోజులు తడిపాడు. అంతలో లాక్‌డౌనని పనివాళ్ళ క్యాంపు గేట్లు మూసేశారు.

"ఏమే, ఆ గోడ ఎండిపోతాదే," అన్నాడు ఫోనులో.

"మీ ఒంట్లో ఎలా ఉందో చెప్పండి ముందు. గోడ సంగతి గోడే చూసుకుంటాది."

"ఎలా చూసుకుంటాదే? దానికి చేతులున్నాయా?"

ఆ ఇంట్లో పనిచేసే ఆవిడ మా పక్క ఊరిదే. చుట్టం కాకపోయినా ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది. ఎన్నిస్ నుంచి ఆవిడకు ఫోను చేశాను.

"వదినా, ఇక్కడ అంట్లు నేనే, బట్టలు నేనే. ఇప్పుడు గోడక్కూడా స్నానం చేయించాలా? మతి మా అన్నయ్యకి పోయిందా, నీకు పోయిందా?"

"ఇద్దరికీ పోయిందనుకో. రోజుకి మూడుసార్లు తడుపమ్మా. పట్టా ఆరకూడదు."

"మేడం చూసిందంటే నన్నే తడిపి ఆరేస్తాది!"

"పిల్లలు పడుకునే గదే అది."

"సరే, బకెట్టు ఎక్కడుందో చూస్తా," అంది.

నాలుగో రోజు, అయిదో రోజు తడిపింది. వీడియోలో గోడను చూపించేది. నేను మనవరాల్ని భుజాన వేసుకుని, వంటింట్లో నిలబడి ఎక్కడో ఎడారిలోని గోడ తడి చూసుకునేదాన్ని. అమ్మాయి నవ్వేది. "ఇక్కడ గోడలకి బూజు పడుతోందని మేం ఏడుస్తుంటే, నువ్వు అక్కడ గోడకి నీళ్ళు పట్టిస్తన్నావేంటమ్మా!"

ఆరో రోజు నీళ్ళు తివాసీ మీదికి పారాయి. మేడం పట్టాలు లాగి బయట పారేసిందట. ఆవిడ ఏడుస్తూ చెప్పింది. "ఇంక నావల్ల కాదు వదినా. బకెట్టు ముట్టుకుంటే పంపించేస్తానంది."

ఆ రోజే మా ఆయనకు జ్వరం ముదిరి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మర్నాడు ఫోను చేశాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి అందడం లేదు.

"ఇయ్యాళ్టితో ఏడు. తడిపిందా?"

"తడిపిందండీ."

"మూడుసార్లూ?"

"మూడుసార్లూ."

"అయితే గట్టిపడతాదిలే," అన్నాడు.

మళ్ళీ ఆ గొంతు నేను వినలేదు. అక్కడే మట్టి చేశారు. పాస్టరుగారు ఫోనులోనే ప్రార్థన చేశారు.

తర్వాతి ఏడాది ఆవిడ గల్ఫ్ వదిలి ఇంటికి వెళ్ళిపోయే ముందు ఫోను చేసింది. గోడెలా ఉందని అడిగాను.

"కిటికీ మూల నెర్రె ఇచ్చింది వదినా. వేలితో కొడితే డబడబమంటంది. పిల్లల మంచం నేనే ఇవతలకి జరిపేశాను."

"నువ్వెళ్ళిపోతే మళ్ళీ అటు జరుపుతారుగా?"

"జరపొచ్చు."

"మేడంకి చెప్పు. ఆ పూత అయిదు రోజులే తడిసింది, నిలవదని చెప్పు."

"అన్నయ్య పని మంచిదని ఆ ఇంట్లో అందరూ అంటారు. ఆ ఒక్క గోడే చూసుకుని చచ్చిపోయాడు వదినా ఆయన. ఆ పేరు కూడా తీసేస్తావా?"

కానీ ఉయ్యాలలో పడిన పెచ్చు గురించి ఆవిడకు తెలియదు, నాకు తెలుసు.

"చెప్పు," అన్నాను. "నేను చెప్పమన్నానని చెప్పు."

చెప్పింది. వారం తిరక్కుండా మనుషుల్ని పిలిపించి, ఆ గోడ పూత అంతా ఇటుక కనబడేదాకా కొట్టించేశారట. మా ఆయన వేసిన చివరి పూత అది. కొట్టించింది నేను.