చావింట్లో వన్స్ మోర్

పోయిన మంగళవారం రాజంపేటకు పోయి నేను చేసొచ్చిన ఘనకార్యం చెప్తా, వినండి. ఖాదర్ ఎట్లాగూ తన సోడా అంగడికి వచ్చినోళ్ళకంతా చెప్తాండాడు. వాడు ఉన్నదానికి ఇంకో రెండు కలిపి చెప్తాడు. దానికంటే నా నోటితో నేను చెప్పుకునేదే మేలు.

పెంచలయ్య పోయినాడని ఆ పొద్దున రాజంపేట నుంచి వచ్చిన బస్సు డ్రైవరు చెప్పినాడు. డ్రామాలు చూడనోళ్ళు ఎవరన్నా ఉంటే వాళ్ళ కోసం చెప్తాండా, ముప్పై ఏండ్లు రాజు వేషం కట్టిన మనిషాయన. కడప జిల్లాలో, కర్నూలు జిల్లాలో ఆయన ఆడని తిరునాళ్ళ లేదు. ఆయనకు పేరొచ్చింది చావు సీనుతో. బాణం తగిలితే అందరి మాదిరి టక్కున పడడు. ఒక పద్యం పాడి తూలతాడు. ఇంకో పద్యానికి స్తంభం పట్టుకుంటాడు. మూడో పద్యానికి మోకాలి మీదికి వస్తాడు. సచ్చేదానికి అరగంట పట్టేది. తీరా సచ్చినాక మేం కింద నుంచి ‘వన్స్ మోర్’ అని అరిస్తే, లేసి మళ్ళా మొదటి పద్యం నుంచి సచ్చేవాడు. మా ఓర్వకల్లులో మీసాలు రానప్పుడు ఆయన్ను చూసినా. కడపకొచ్చి టైలరు అంగడి పెట్టినాక కూడా ఆయన డ్రామా ఉండాదంటే చాలు, మిషను మీద గుడ్డ కప్పేసి పోయేవాణ్ణి.

ఆపొద్దూ అట్లనే కప్పేసినా. పక్క అంగడి ఖాదర్ని ఎంటబెట్టుకుని, మోచేతంత లావు చామంతి దండ ఒకటి కట్టించుకుని, బస్సెక్కినాం.

బస్సులో అందరికీ ఈ మాటే. కండక్టరు నా చేతిలో దండ చూసి అడిగినాడు, “ఈసారి నిజంగానే పోయినాడా? పోయినేడు మా ఊర్లో ఒక్క రాత్రికి మూడుసార్లు పోయినాడప్పా.”

వెనక సీటు ముసలాయన అందుకున్నాడు. “స్టేజీ మీద అరగంట సచ్చే మనిషి, ఇంట్లో కాఫీ లోటా కింద పెట్టేలోపల పోయినాడంట. పద్యం లేదు, పాడు లేదు.”

“అడిగేవాళ్ళు లేరు కదా, పాడేదానికి,” అన్నాడు ఖాదర్.

అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా. నవ్వుతానే కండ్లు తుడుచుకున్నా. ఆయన చావుకు ఎట్లా ఏడవాలో మాకు తెలీలేదు. ఎప్పుడూ చప్పట్లు కొట్టే కదా అలవాటు.

రాజంపేటలో దిగి, బీడీలు కాల్చుకుంటాండిన ఒకాయనను అడిగినా, “పెంచలయ్య ఇల్లు యాడప్పా?”

“చావిల్లేనా?” అన్నాడు.

“ఆ, చావిల్లే.”

“ఆ సందులోకి పోండి. పందిరి ఏసింటారు.”

పోయినాం. పందిరి ఉండాది. జనం ఉండారు. బెంచీ మీద ఆయనను పండబెట్టి మెడ దాకా తెల్లగుడ్డ కప్పినారు. ముక్కుల్లో దూది, దవడకు కట్టు. నేను ఆ మొహాన్ని రంగు లేకుండా, కిరీటం లేకుండా ఏనాడన్నా చూసింటే కదా? ఎంత చిన్నగైపోయినాడు నా రాజు అనుకున్నా. అంతే. దండ మెడలో ఏసినా, కాళ్ళ కాడ కూలబడినా, ఏడుపు దానంతటదే వచ్చేసింది.

“నాయనా, నువ్వు పోయిన ప్రతిసారీ మేం పిలిస్తే లేసినావు. ఈ ఒక్కసారి లేయి నాయనా. వన్స్ మోర్.”

పందిట్లో ఏడుపులు ఆగిపోయినాయి. శానా పెద్దగా అరిచినానేమో అనుకుని తల ఎత్తితే, తలకాడ కూసున్న ఒకామె, ఆయింటి పెద్దకోడలంట, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా పక్కకు ఒంగింది.

“అన్నా, నీకు పుణ్యముంటాది, ఆ మాట అనద్దు. ఇప్పటికే పోయినాడని రెండుసార్లు కింద పండబెట్టినాం. రెండుసార్లూ లేసి కూసోని కాఫీలో చక్కెర తక్కువైందన్నాడు.”

నాకు అర్థం కాలే. అంతలో పెద్దకొడుకు వచ్చి నా భుజం మీద చెయ్యేసినాడు. “ఎవరప్పా మీరు? మా నాయన దగ్గర చదువుకున్నారా?”

“చదువేంది? నేను ఆయన డ్రామాలు...”

“డ్రామాల పెంచలయ్య ఇల్లు ఎనక సందులో. ఈయన హెడ్మాష్టరు పెంచలయ్య. డ్రామా చూసినారని ఎంతమంది పిల్లోళ్ళ తోలు తీసినాడో ఈ ఊర్లో అడగండి.”

రాజంపేటలో రాయి ఏస్తే ఒక పెంచలయ్యకు తగులుతాదని నాకేం తెలుసు? ఖాదర్ కోసం చూసినా. వాడు అప్పటికే వీధిలోకి పోయి, గోడకు మొహం పెట్టుకుని ఊగిపోతాండాడు. దూరం నుంచి చూసినోళ్ళు, పాపం ఎంత ఏడుస్తాండాడో ఆ సాయిబు అనుకునింటారు.

ఇంగ ఆ దండ. ఏసింది తీసుకునేదెట్లా? పెద్దకొడుకు మంచోడు, “తీసుకుపోతారా?” అని అడిగినాడు కూడా. నేను దండ పక్క చూసినా. హెడ్మాష్టరు మొహం చూసినా. దండం పెట్టి బయటపడినా.

ఎనక సందులో అసలు ఇంటికి వట్టి చేతులతో పోయినాం. అక్కడ అరుగు మీద నాలుగూర్ల నుంచి వచ్చిన అభిమానులు. ఒకాయన శవాన్నే చూస్తా అంటాండాడు, “గంట నుంచి చూస్తాండా, పొట్ట ఒక్కసారి కూడా కదల్లేదు. డ్రామాలో ఎప్పుడూ ఇంత బాగా చేయలే.” ఇంకొకాయన, “తెర లాగేవాడు ఇంకా రాలేదు లేప్పా. వాడొస్తే లేస్తాడు,” అన్నాడు. అనినాయన కండ్లు ఎర్రగా ఉండాయి. నేను మాత్రం నోరు తెరవలే. ఒక ఇంట్లో తెరిచింది చాలు.

పెంచలయ్య భార్య సుబ్బమ్మ గోడకు ఆనుకుని కూసోనుండాది. పొద్దుటి నుంచి మాట లేదు, కన్నీళ్ళు లేవు, బొమ్మ మాదిరి ఉండాదని చెప్పినారు. ఖాదర్ పోయి ఆమె ముందర కూసున్నాడు. “అమ్మా, దండ తెచ్చినాం గానీ ముందర సందు హెడ్మాష్టరుకు ఏసేసినాడు వీడు,” అని మొదలుపెట్టి, ఒక్క మాట వదలకుండా చెప్పేసినాడు. వాణ్ణి ఆడనే గొంతు పిసకాలనిపించింది.

సుబ్బమ్మ మొదట వాణ్ణి చూసింది. తర్వాత నన్ను చూసింది. భుజాలు కదిలినాయి. కొంగులో మొహం దాచుకుని నవ్వింది, నవ్వు నవ్వుగా ఉండగానే ఏడుపైంది. చుట్టూ ఆడోళ్ళు, “ఏడవనీండి, మంచిదే” అన్నారు.

తేరుకున్నాక నేను దగ్గరికి పోయినా. ఏదన్నా గౌరవంగా చెప్దామని, “అమ్మా, ఆయన సచ్చే తీరు ఎవరికీ రాదు. ప్రాణం ఒక్కో అవయవం నుంచి పోయేది చూపించేవాడు. అందుకే అరగంట. నేను అందరికీ చెప్తాంటా,” అన్నా.

“నడుం నొప్పి నాయనా,” అనింది ఆమె.

“ఏందమ్మా?”

“పడితే లేయలేడు. లేపేదానికి ఇద్దరు కావాల. అందుకని, తెర ఏసేదానికి తాడు కాడ మనిషి కనపడేదాకా పడకుండా పద్యాలతో లాగేవాడు. పడినాక మీరు వన్స్ మోర్ అనేటోళ్ళు. ఇంటికొచ్చి కాపడం పెట్టించుకుంటా రెండు దినాలు మిమ్మల్నే తిట్టేవాడు. కడప నుంచి ఒక టైలరు వస్తాడంట, వాని గొంతు వినపడితే చాలు, నడుం అప్పుడే పట్టేస్తాదనేవాడు.”

ఖాదర్ ఒక్క క్షణం ఆగినాడా? ఆగలే. “వీడేనమ్మా ఆ టైలరు.”

భూమి చీలితే దూరిపోదామనుకున్నా. ఇరవై ఏండ్లు కళ అని ఊరంతా చెప్పుకు తిరిగింది ఆయన నడుం నొప్పి, దాన్ని ఎక్కువ చేసింది నేను. సుబ్బమ్మ నన్ను ఎగాదిగా చూసింది. తిట్టలే.

“తిట్టేవాడు గానీ, నువ్వు రాని రాత్రి వచ్చి, ఈపొద్దు డ్రామా సప్పగుండాది అనేవాడు,” అనింది. “పో, ముందర నిలబడి గోవింద కొట్టు. నీ గొంతు లేకుండా పోతే ఆయనకు బాగుండదు.”

కొట్టినా. ఇంటి నుంచి శ్మశానం దాకా, తప్పెట్లు వినపడకుండా గోవిందా అని అరిచినా. ఎనక పాడె మోసేవాళ్ళు అందుకున్నారు. ఒక్కరు కూడా జోకు ఏయలే. నిప్పు పెట్టినాక ఎవరూ కదల్లే, కాటికాపరి వచ్చి “ఇంగ ఇండ్లకు పోండప్పా” అనేదాకా.

కడపకొచ్చేసరికి నాకు గొంతు లేదు. కప్ప మాదిరి కూడా కాదు, అసలు గాలే. మూడు దినాలు సైగలతో బతికినా. అన్నంలో ఉప్పు లేదని చెప్పలేకపోయినా, పిల్లోళ్ళను అరవలేకపోయినా. ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉండిందో, అది మాత్రం నాకూ తెలుస్తానే ఉండింది. నాలుగో దినం మా ఆడామె వేడినీళ్ళలో ఉప్పేసి తెచ్చి నా చేతికిస్తా, శానా మెల్లగా అడిగింది.

“ఏమండీ, ఆయన కర్మ దివసాలు ఎప్పుడు? దానికీ పోయి గోవింద కొట్టి రాకూడదా?”