నాన్నని క్రాస్ ఎగ్జామిన్ చేసిన రోజు

ఆ రోజుల్లో నా దృష్టిలో లోకంలో రెండే రకాల మనుషులు ఉండేవారు. నిజం చెప్పేవాళ్లు, నా ప్రశ్నలకి దొరికిపోయేవాళ్లు. తొమ్మిదో తరగతికే అంత గీర ఎక్కడిదంటే, అంతా మా బళ్లో పెట్టిన ఒక పథకం చలవ. పెడన నుంచి ఆరుగురు పిల్లల్ని ఏరి, ఒక్కొక్కరినీ బందరులో ఒక్కో లాయరుకి అప్పజెప్పారు. శనివారం శనివారం బస్సెక్కి వెళ్లడం, వాళ్ల వెనకాల కోర్టు వరండాల్లో తిరగడం, చదువుకుంటే ఇలాంటి బతుకు కూడా ఉంటుందని చూడడం. (మా వీధిలో అప్పటిదాకా కోర్టుకి వెళ్లడమంటే ఏదో తప్పు చేసి వెళ్లడమే.) నాకు దొరికిన లాయరు మేడం చాలా మెత్తగా మాట్లాడేవారు. "సాక్షి మీద అరవకూడదమ్మా. చిన్న చిన్న ప్రశ్నలు వెయ్. తప్పించుకునే దారులన్నీ ఒక్కొక్కటే మూసెయ్," అనేవారు. నేను ఇంటికొచ్చి ఆ విద్యంతా మా అమ్మ మీద ప్రయోగించేదాన్ని. "జాడీ మూత తీసింది మీరేనా? అవును, కాదు అని మాత్రమే చెప్పండి." "నీ మొహం! లేచి అంట్లు తోము," అనేది అమ్మ. సాక్షి సహకరించడం లేదని నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని.

ఆఖరి శనివారం పిల్లలకి మాక్ కోర్టు పోటీ పెట్టారు. నా వంతుకి వచ్చిన కేసు ఏంటంటే, అద్దకం సరిగా లేని కలంకారీ చీర అంటగట్టారని ఒకావిడ వేసిన దావా. నేను ఆవిడ తరఫు లాయర్ని. ఇంకేం కావాలి! మా నాన్న ముప్పై ఏళ్లుగా కలంకారీ అచ్చులద్దే మనిషి. బల్ల ముందు నిలబడి, చెక్క అచ్చుని రంగులో ముంచి, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దితే గీతకి గీత కలిసేది. ఆయన పనిచేసే అద్దకం షెడ్డులో బల్ల ఉన్నవాడికే మర్యాద. చెయ్యి తప్పినవాణ్ని కాలవలో గుడ్డలు జాడించే పనికి పంపేసేవారు. ఆ సంగతి మా ఇంట్లో పసిపిల్లకి కూడా తెలుసు. నాకూ తెలుసు.

పోటీకి ముందు ఆదివారం టీ వేళకి షెడ్డులోనే కోర్టు పెట్టాను. నల్లకోటు లేదు కాబట్టి బాబాయి అయ్యప్ప మాలలో వేసుకునే నల్ల తువ్వాలు భుజాల మీద కప్పుకున్నాను. జడ్జి ఎవరయ్యా అంటే, షెడ్డు యజమాని. నేను మావయ్యా అని పిలిచేదాన్ని. షెడ్డులో కుర్చీ ఉన్నది ఆయనొక్కడికే మరి! ఆయన బల్ల మీద కొట్టడానికి అచ్చు తీసుకోబోతే, "మన కోర్టుల్లో సుత్తి ఉండదు మావయ్యా, అది సినిమాల్లోనే," అని ఆయనకీ క్లాసు పీకాను. ఎండుతున్న చీరల్లోంచి ఒకటి లాక్కొచ్చి మొదలుపెట్టాను.

"ఈ చీర అద్దింది మీరేనా?"

"అవునండి," అన్నాడు నాన్న, చేతులు కట్టుకుని. అందరూ పగలబడి నవ్వారు.

"కొంగులో నెమలి మెడకీ తలకీ మధ్య సందుంది. అవునా, కాదా?"

"ఉందండి."

"అచ్చు అరిగిపోయిందా?"

"లేదండి."

"బల్ల వంకరా?"

"కాదండి."

"మరి లోపం ఎక్కడుంది?"

నాన్న నవ్వడం మానేశాడు. కుడిచెయ్యి మెల్లిగా వెనక్కి పెట్టుకున్నాడు. అక్కడైనా ఆగొచ్చు కదా! ఆగితే నేనెందుకవుతాను? "కోర్టు వారు జవాబు కోసం చూస్తున్నారు," అన్నాను.

"చెయ్యి వణుకుతోందండి. ఏడాదిగా."

"అంతే, మై లార్డ్!" అని తువ్వాలు ఎగరేశాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మావయ్య కుర్చీలోంచి లేచి, ఆ చీరని వెలుతురులోకి పట్టుకుని చాలాసేపు చూశాడు. అందరికీ టీ తెచ్చిన అమ్మ గ్లాసులు అక్కడే వదిలేసి ఇంటికి వెళ్లిపోయింది.

వారం తిరక్కుండా, "బావా, ఏమీ అనుకోకు. ఎక్స్‌పోర్టు సరుకు, వెనక్కి తిప్పి పంపేస్తున్నారు," అని మావయ్య నాన్నని కాలవ పనికి మార్చాడు. పోటీకి వెళ్లనని నేను ఏడ్చి గోల చేస్తే, నాన్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని నన్ను బస్సెక్కించాడు. మొదటి బహుమతి నాకే వచ్చింది. నా బతుకులో అంత అసహ్యమేసిన బహుమతి ఇంకోటి లేదు.

నేను లాయరునయ్యాక, నాన్న పోవడానికి కొన్నాళ్ల ముందు, ధైర్యం చేసి అడిగాను. "అచ్చు అరిగిందని ఒక్క మాట అనుంటే సరిపోయేది కదా నాన్నా? ఎందుకు చెప్పేశావు?"

"ఎట్టా అంటానే? అంత ముచ్చటగా అడుగుతున్నావు. నేను అబద్ధమాడితే నువ్వు ఓడిపోవూ?" అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు.

ఇప్పుడు శనివారాలు నా దగ్గరికీ పిల్లలొస్తున్నారు. మొన్న ఒక అమ్మాయి, కళ్లు ఇంతింత చేసుకుని, "మీ మొదటి కేసు గెలిచారా మేడం?" అంది. ఆ పిల్లలో తువ్వాలు కప్పుకున్న నన్ను చూసి నవ్వొచ్చింది. "గెలిచానమ్మా," అన్నాను. ఎవరి మీద అని అడుగుతుందేమోనని కాసేపు చూశాను. అడగలేదు.