నేను సగం మింగేసిన మాట

ఆమెకు సీటు రాకూడదని కోరుకున్నాను. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను. పాతికేళ్లుగా ఎదుటివాళ్ల చేత తప్పు ఒప్పించడమే పనిగా పెట్టుకున్నదాన్ని, నా వంతు వచ్చినప్పుడు తప్పించుకుంటే బాగుండదు.

ఇనుప గనుల ఊరు బచేలీలో సైన్సు టీచర్ని. మా నాన్న కిరండూల్ రైల్వే లైన్లో పట్టాల పనికి శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మూడేళ్ల కిందట మా పాఠశాలకూ స్కాట్లాండ్‌లోని ఒక పాఠశాలకూ జత కుదిరింది. కాగితాల మీద మూడు లక్ష్యాలు రాసుకున్నాం: ఏ బిడ్డనూ బయట నిలబెట్టకూడదు, పిల్లల మనసు కుదురుగా ఉండాలి, భూమి తర్వాతివాళ్లకు మిగలాలి. దరఖాస్తు నింపింది నేను. వాళ్ల మెయిళ్లకు జవాబులు రాసింది నేను. ఇక్కడి నుంచి నలుగురు పిల్లలతో పాటు ఒక టీచరు అక్కడికి వెళ్లాలని తేలగానే, జగదల్‌పుర్‌లో ఒక దుకాణంలో ఉన్ని కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుని వచ్చింది కూడా నేనే.

అయితే ఒక నియమం ఉంది. రెండు బడులూ తెర మీద కలిసి కూర్చుంటాయి. ఇక్కడి టీచర్లు పాఠం చెబుతారు. తర్వాత వాటి సారాంశం రాసి పంపితే, అది చదివి అక్కడి పిల్లలు ఓటు వేస్తారు. ఎవరి పాఠం నెగ్గితే వాళ్లకే ప్రయాణం. ఇద్దరం ముందుకొచ్చాం.

రెండో ఆమె ఎర్రబోరు దాటాక ఉన్న ఒక పల్లెకు చెందిన దోర్ల తెగ పిల్ల. నాకంటే పదిహేనేళ్లు చిన్నది. చిన్న తరగతులకు చెబుతుంది. దోర్లీ, గోండీ, హల్బీ, హిందీ, తెలుగు, ఏ పిల్ల ఏ భాషలో ఏడిస్తే ఆ భాషలోనే ఊరుకోబెడుతుంది. సమానత్వం మీద నేను ఆగకుండా గంట మాట్లాడగలను. ఆమె ఏమీ మాట్లాడకుండా మెట్ల మీద కూర్చుంటే చాలు, పిల్లలు చుట్టూ చేరతారు. ఇది నాకు మొదటి నుంచీ మింగుడుపడలేదు. ఇంగ్లీషు మాట్లాడటం రాదు కాబట్టి ఆమె పాఠాన్ని నేను అనువదించాలన్నారు. "నువ్వుంటే నాకేంది భయం అక్కా," అంది.

ముందు నా పాఠం. టౌన్‌షిప్‌లో నెల రోజులు పోగు చేసిన ప్లాస్టిక్ చెత్తను తూచి, పట్టికలు వేసి చూపించాను. చప్పట్లు కొట్టారు. ముఖ్య అతిథి ప్రసంగం ముగిసినప్పుడు కొట్టే చప్పట్లు.

తర్వాత ఆమె. పట్టికల్లేవు, బొమ్మల్లేవు. బుట్టలోంచి మూడు పచ్చి మామిడికాయలు తీసి కెమెరా ముందు పెట్టింది.

"ఇవి రాలినయి. నేను కోయలే. మా ఊర్ల మామిడి పండుగ ఇంక కాలే. అందాక ఎవ్వరు కాయ కోసుడు లేదు. ఎందుకో చెప్పున్రి?"

నేను అనువదించాను. అటువైపు పిల్లలు కుర్చీల్లో ముందుకు జరిగారు. ఒక ఎర్రజుట్టు కుర్రాడు, కోతులు ముందు తినాలనా అని అడిగాడు. రెండు దేశాలూ నవ్వాయి. నేను నవ్వలేదు.

"మేం పిల్లలప్పుడు ఒక మేడమ్ వచ్చింది," అని మొదలుపెట్టింది ఆమె. "పండుగకు ముందు తింటే దేవత సంపుతదని భయపడ్తున్నరు, సూడున్రి అని, చెట్టుకాడ్నే కాయ కోసి ఉప్పుకారం అద్దుకొని తిన్నది. తెల్లారంగనే ఆ మేడమ్ బతికున్నదా లేదా అని అందరం ఉరికినం. బడి అరుగు మీద పండ్లు తోముకుంటున్నది. నేను మా అమ్మమ్మను అడిగిన, దేవత ఏం జేయలే గదా అని. అమ్మమ్మ ఏమన్నదంటే, దేవత ఏం జేస్తదే పిచ్చిదానా, టెంక గట్టిపడక ముందే కోస్తే మొక్క రాదు. బలమున్నోడు ముందే పోయి చెట్టు దులుపుకుంటే ముసలిదానికి, మొగోడు లేని ఇంటికి ఏం మిగుల్తది? అందుకే అందరికి ఒకటే రోజు, అన్నది."

ఆ మేడమ్ నేనే. సైన్సు ప్రచారానికి పల్లెలు తిరిగిన రోజులు. ఆ కాయ తిన్న కథను ఎన్ని సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నానో లెక్కలేదు. ఆ కథకు ఒక అమ్మమ్మ ఉందని ఆ రోజే తెలిసింది. మా మూడు లక్ష్యాల్లో రెండిటిని ఆమె ఒక్క మామిడికాయలో పెట్టి చూపించిందనీ తెలిసింది. గెలిచేసిందని తెలిసింది.

ఇంగ్లీషులో ఇలా అన్నాను: "పండుగకు ముందు కాయ కోస్తే దేవతకు కోపం వస్తుందని వీళ్ల నమ్మకం. పెద్దలు అలా చెబుతారు."

అవతలి టీచరు కాసేపు ఎదురుచూసి, అంతేనా అని అడిగింది.

"అంతే," అన్నాను.

తెర ఆగిపోయాక ఆమె కాయలు బుట్టలో సర్దుకుంటూ, "నేను శానా చెప్పిన గదక్కా. నువ్వు చిటికెడే చెప్పినవు," అంది.

"నెట్ పోతూ వస్తూ ఉంది."

"నెట్ కాదక్కా. ఇంగ్లీషు నాకు నోటికి రాదు గాని, చెవులకు వస్తది."

నేను వైర్లు చుట్టసాగాను.

"ఆ మేడమ్ నువ్వేనని ఈడికొచ్చిన నాడే గుర్తుపట్టిన," అంది మళ్లీ. "ఆ పులుపుకు నీ మొఖం ఎట్లయిందో మర్వలే. నువ్వు తినకుంటే నేను మా అమ్మమ్మను అడుగకపోదును."

కోపంగా అని ఉంటే వాదించేదాన్ని. వాదించడం నాకు వచ్చు. ఆమె కృతజ్ఞతగా అంది.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. రైల్వే డ్యూటీ దిగి వచ్చి బూట్లు విప్పుతూ విన్నాడు. "దేవుడు లేడని ఊరూరా తిరిగి రుజువు చేసేసినావు. ఈర్ష్య లేదని కూడా రుజువు చేసేయ్, ఓ పనయిపోద్ది," అన్నాడు.

చేయలేకపోయాను. ఉన్నదాన్ని లేదని ఎలా రుజువు చేస్తాను? పిల్లలను భయపెట్టి ఆపడం తప్పని ఈనాటికీ అంటాను. కారణం మంచిదైతే కారణమే చెప్పాలి, మధ్యలో దేవత ఎందుకు? కానీ ఆ అమ్మమ్మ అడగగానే కారణం చెప్పింది. ఇరవై ఏళ్ల కిందట ఆ ఊళ్లో నేను ఎవరినైనా అడిగానా? లేదు. కాయ కోశాను, తిన్నాను, ఉపన్యసించాను, బస్సెక్కాను. ఇప్పుడేమో సముద్రాల అవతలి పిల్లలకు దేవత కోపాన్ని అందించిన మనిషిని నేను. ఉన్ని కోటు కోసం దేవతను సాయం పిలుచుకున్నాను. ఇంకొకరు ఈ పని చేసి ఉంటే వేదిక మీదికి లాగి నిలదీసేదాన్ని.

సారాంశం మర్నాడు పొద్దున్నే పంపాలి. బడికి ముందు కూర్చున్నాను. నా పాఠం పావుగంటలో అయిపోయింది. ఆమె పాఠం దగ్గర, నిన్న నేను తప్పు చెప్పాననీ ఆమె చెప్పింది ఇదీ అనీ మొదలుపెట్టి, అమ్మమ్మ మాటల్లో ఒక్కటీ వదలకుండా రాశాను. కాయ తిన్న మేడమ్ నేనేనని రాయడానికి మాత్రం రెండు టీలు పట్టాయి. పంపేశాక మనసు తేలికపడుతుందని పెద్దలు అంటారు. పడలేదు. ఓటు పెట్టే రోజు నెట్ పోవాలని కూడా అనుకున్నాను.

పోలేదు. ఆమె నెగ్గింది. దాదాపు అందరూ ఆమెకే వేశారు.

ప్రిన్సిపల్ నన్ను పిలిచి, ప్రయాణం లోపు ఆమెకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పమన్నారు. సరేనన్నాను. రోజూ బడి వదిలాక లాబ్‌లో కూర్చుంటాం. నేను ఒక వాక్యం అంటాను, ఆమె తిరిగి అంటుంది. అయిదు భాషలు తిరిగిన నాలుక కదా, నాలుగో రోజుకే ఆమె పలకడం నాకంటే బాగుందని తెలిసిపోయింది.

ఆ మాట ఆమెకు ఇంకా చెప్పలేదు. "ఇంకోసారి అను," అన్నాను.