ఎడమ కాలికి పనిలేని బండి

మా వైపు వాళ్ళకు మర్యాద ఎక్కువ. మొహం మీద తలుపు వేసేటప్పుడు కూడా అండీ అని మరీ వేస్తారు. కారు షోరూంలో సర్వీసు చూసే ఆయన కూడా అలాగే వేశాడు.

"గేర్‌బాక్సులోకి నీళ్ళు వెళ్ళిపోయాయండి. మొత్తం కొత్తది వెయ్యాలండి. ఇంత పాత బండికి దండగండి. దీన్ని వదిలించుకుని మామూలు గేర్ల బండి తీసుకోండి సార్."

ఆ సార్ ఎవరనుకున్నారు? నా పక్కన నిలబడ్డ మా తమ్ముడు. బండి నాది, లైసెన్సు నాది, ఎనిమిదేళ్ళుగా దాన్ని నడుపుతున్నది నేను. అయినా మాట మాత్రం వాడితోనే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మామూలు బండికి క్లచ్ తొక్కడానికి ఎడమ కాలు కావాలండీ. నాది మూడో ఏట పోలియోలో పోయిందండీ. మీది అరువిస్తారా అండీ?" అన్నాను. నేనూ మర్యాదగానే అన్నాను. ఆయన మళ్ళీ మా తమ్ముడి వైపే చూశాడు.

నేను ఏలూరులో ఒక్కదాన్నే ఉంటాను. లెక్కలు చెప్పేది మాత్రం కొల్లేటి మధ్య ఒక లంక ఊరి హైస్కూల్లో. గుండుగొలను దాకా హైవే, అక్కడి నుంచి చేపల చెరువుల మధ్య గట్టు రోడ్డు. ఉద్యోగంలో చేరిన కొత్తలో బస్సులో వెళ్ళేదాన్ని. బస్సు మెట్టు నా కాలికి అందదు. కండక్టరు ఒక చంక కింద, దారినపోయేవాడెవడో ఇంకో చంక కింద చేతులు పెట్టి, "అయ్యో పాపం, జాగ్రత్తండి" అంటూ పైకి లాగేవాళ్ళు. బస్సులో అందరూ చూసేవాళ్ళు. పదకొండేళ్ళు అలా లాగించుకున్నాను. ఆ తర్వాతే ఈ ఆటోమేటిక్ కారు కొన్నాను. రెండే పెడళ్ళు, రెండూ కుడికాలితోనే. ఆ రోజు నుంచి నా చంకల్లో ఎవడూ చెయ్యి పెట్టలేదు.

అలాంటి బండిని ముంచింది వాన కాదు, వరద కాదు. ఏప్రిల్లో ఒక చెరువాయన చేపల పట్టుబడి కోసం మోటార్లు పెట్టి చెరువు తోడించి, ఆ నీళ్ళన్నీ రోడ్డు మీదికి వదిలాడు. పల్లంలో నేను సగం దూరం వెళ్ళేసరికి ఎదురుగా చేపల లారీ వచ్చి అడ్డంగా దిగబడింది. ముందుకు లేదు, వెనక్కి లేదు. తలుపుల దాకా నీళ్ళలో అరగంట కూర్చున్నాను. చెరువాయన గట్టు మీద నిలబడి, "ఏం కాదండి మేడం, ఒక్క గంటలో లాగేస్తాయండి" అన్నాడు. లాగేశాయి, నా గేర్‌బాక్సులోకి. ఎర్రగా ఉండాల్సిన ఆయిలు మర్నాటికి రోజ్ మిల్కులా తయారైంది. ఇంటి ముందు బండిని ముందుకు వెయ్యబోతే ఇంజను అరిచింది గానీ చక్రం కదల్లేదు.

ఇక మా హెడ్మాస్టరు గారి మర్యాద. "బళ్ళు తెరిచేనాటికి మీ బండి బాగవకపోతే మిమ్మల్ని ఏలూరులోనే ఆఫీసు పనికి వేయిద్దామండి మేడం. లెటరు రాసి ఉంచాను. మీ మంచికేనండి, మీకెందుకండీ ఈ శ్రమ" అన్నారు. నన్ను అడిగి రాశారా? లేదు. ఇరవై ఏళ్ళు బోర్డు ముందు నిలబడి లెక్కలు చెప్పినదాన్ని, ఫైళ్ళకు తాళ్ళు కడుతూ కూర్చోవాలట! ఫోను పెట్టేసి, ఇంట్లో ఎవరూ లేకపోయినా గట్టిగా తిట్టాను.

మా తమ్ముడు ఆకివీడులో చేపల లారీల గేర్‌బాక్సులు విప్పి బిగించే మెకానిక్కు. వాణ్ణి పిలిచి, మనింట్లోనే విప్పుదాం అన్నాను.

"ఆటోమేటిక్ నేనెప్పుడూ విప్పలేదక్కా."

"నేనూ విప్పలేదు. ఇద్దరం సమానమే."

మే నెలంతా మా వరండాయే షెడ్డు. వాడు గొలుసు కప్పీ తెచ్చి గేరు పెట్టెను కిందికి దించాడు. కర్రబల్ల మీద ఒక్కో ముక్కా వాడు విప్పుతుంటే, పాత జవాబు పత్రాలు పరిచి, తీసిన వరుసలో నేను పేర్చాను. ఒక్కో కాగితం మీద నంబరు, బొమ్మ, ఏ వైపు పైకి ఉండాలో. పెడల్ లేకపోయినా లోపల క్లచ్ ప్లేట్లున్నాయి, వాటి మీది పొర నానిన అట్టలా చేతికి ఊడొచ్చింది. కొత్త ప్లేట్లూ సీళ్ళూ తాడేపల్లిగూడెంలో ఒక స్పేర్‌పార్ట్సు దుకాణం వాళ్ళు తెప్పించి పెట్టారు. ప్లేట్లను బేసినులో ఆయిలు పోసి నానబెట్టాం. వాడి చేతి బలం, నా కాగితాల లెక్క, రెండూ బాగానే కుదిరాయి. అది విప్పిన పది రోజులూ మేం పోట్లాడుకోలేదు. మా ఇంటి చరిత్రలో అది వింతే.

పోట్లాట వచ్చింది వాల్వ్ బాడీ దగ్గర. అదొక అల్యూమినియం పలక. దాన్నిండా చీమల పుట్టలో ఉన్నట్టు సన్నటి దారులు, వాటిలో అటూ ఇటూ జరిగే చిన్న చిన్న ఉక్కు కడ్డీలు, మిరియాలంత బంతులు. ఆయిలు ఏ దారిన పోవాలో, గేరు ఎప్పుడు మారాలో చెప్పేది అదే. పెట్రోలుతో కడిగాక తమ్ముడు, "తుడవకక్కా, గాలి కొట్టి వదిలేద్దాం" అన్నాడు. కడిగినదాన్ని తుడవకుండా వదిలెయ్యడమా? మా అమ్మ ఏలూరులో తివాచీల మగ్గం మీద కూలికి నేసేది, నేనూ పదిహేనేళ్ళు వచ్చేదాకా ఆవిడ పక్కన కూర్చుని ముళ్ళు వేసినదాన్నే. వరుస పూర్తయి పంజా అనే ఇనప దువ్వెనతో దట్టించే ముందు, ఆ పంజా పళ్ళను గుప్పెడు ఉన్నితో తుడవాలి. తుడవకపోతే అమ్మ వేళ్ళ మీద కొట్టేది. అమ్మ పోయినా ఆ ఉన్ని తుక్కు బస్తా మా అటక మీద అలాగే ఉంది. వాడి జిడ్డు గుడ్డను అవతలికి విసిరేసి, అటక మీంచి బస్తా దింపించి, మెత్తటి ఉన్నితో ప్రతి దారినీ అద్దంలా తుడిచాను. వాడు మళ్ళీ తుడవొద్దన్నాడు. "నోరు మూసుకుని నీ పని చూసుకో" అన్నాను.

అంతా బిగించి, బండికి ఎక్కించి, కొత్త ఆయిలు పోసి స్టార్టు చేశాం. ముందుకు పోయే గేరులో పెట్టి బ్రేకు వదిలాను. బండి కదల్లేదు. ఐదు అంకెలు లెక్కపెట్టాక ఎవరో వెనక నుంచి తన్నినట్టు ఎగిరి, ప్రహరీ గోడకు జానెడు దూరంలో ఆగింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ అంతే.

తమ్ముడు బండిని స్టాండ్ల మీదికి లేపి, కింద దూరి, అడుగు మూత విప్పి చాలాసేపు చూశాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "ఏదో అడ్డం పడిందక్కా. నేనే సరిగ్గా చూసుకోలేదు" అన్నాడు.

అంతే, నా నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. "లారీలు కెలికే చేతులు లారీలకే పనికొస్తాయి! నెల రోజులు తగలేశావు! నీకేం పోయింది, రెండు కాళ్ళున్నవాడివి, రేపు బస్సెక్కి పోతావు! నా గడప తొక్కకు!" అని అరిచాను. వీధిలో వాళ్ళు తలుపులు తీసి చూశారు. వాడు మూత బిగించి, పానాలు సంచీలో వేసుకుని, "వస్తానక్కా" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. నేను పిలవలేదు.

బళ్ళు తెరవడానికి వారం ఉంది. హెడ్మాస్టరు గారు ఫోను చేసి, "లెటరు పంపించమంటారాండీ?" అని ఎంతో మృదువుగా అడిగారు. ఒళ్ళు మండిపోయింది. బండి స్టాండ్ల మీదే ఉంది. ఎడమ కాలికి కట్టుకునే ఇనప పట్టీ విప్పేసి, చాప పరుచుకుని, వెల్లకిలా దాని కిందికి జరిగాను. మూత విప్పితే ఆయిలు సగం బేసినులో, సగం నా జుట్టులో పడింది. వాల్వ్ బాడీ దింపి, బయటికి జరిగి వరండాలో ఒళ్ళో పెట్టుకుని, నా కాగితాలు చూసుకుంటూ ఒక్కో కడ్డీ లాగాను. నాలుగోది రాలేదు. పట్టుకారుతో లాగితే దాంతోపాటు ఒక ఉన్నిపోగు వచ్చింది. మెరూన్ రంగు. దాని వెనక ఇంకొకటి, పక్క దారిలో చిన్న ఉండ. ఆ రంగు నాకు తెలియదా? నా చిన్నతనమంతా నా గోళ్ళలో ఉన్న రంగు అది.

సిగ్గుతో చచ్చిపోయాను. వాడు తుడవకన్నాడు, రెండుసార్లు అన్నాడు.

తమ్ముడికి ఫోను చేస్తే సారీ అన్న మాట నోట్లోంచి రాలేదు. "రా" అన్నాను. మధ్యాహ్నం బస్సుకే దిగాడు. ఆ పోగు వాడి అరచేతిలో పెట్టాను. వాడు ఆశ్చర్యపోలేదు.

"చూశానక్కా, ఆ రోజే. మూత విప్పినప్పుడు అంచున కనబడింది."

"మరి చెప్పి ఏడవలేదేం?"

"నీ చేత్తోనే పాడైందని తెలిస్తే నువ్వు మళ్ళీ దీన్ని ముట్టుకోవు. ఆ ఆఫీసు పనికే ఒప్పేసుకుంటావు. నువ్వు చర్చికి వెళ్ళినప్పుడు శుభ్రం చేసేద్దామనుకున్నాను. ఈలోపే నన్ను గెంటేశావు."

వాడి మంచితనానికి నాకు ఏడుపు రావాలి. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు కోపం వచ్చింది. "ముట్టుకుంటానో లేదో నువ్వెవడివిరా చెప్పడానికి? హెడ్మాస్టరు నా మంచికే, షోరూంవాడు నా మంచికే, ఇప్పుడు నువ్వూనా! తప్పు చేశావని నా మొహాన చెప్పడానికి కూడా నేను పనికిరానా?"

వాడు ఆ పోగును వేలికి చుట్టుకున్నాడు. "తప్పు చేశావక్కా" అన్నాడు. "గొర్రెకు తొడిగినట్టు గేర్‌బాక్సుకు ఉన్ని తొడిగావు."

"అదీ, అలా అను" అన్నాను. ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత నేను విప్పాను, వాడు గాలి కొట్టాడు. ఎవరం దేన్నీ తుడవలేదు.

బళ్ళు తెరిచిన రోజు పొద్దున్నే వాడు తయారై నా పక్క సీట్లో కూర్చున్నాడు. దారిలో ఏమైనా అయితే తను ఉండాలట. హైవే మీద గేర్లు ఒకదాని తర్వాత ఒకటి, తెలియకుండానే పడ్డాయి. గుండుగొలను సెంటర్లో గట్టు రోడ్డు వైపు తిప్పబోతుంటే, "ముందు పల్లం ఉంది, నేను నడపనా అక్కా?" అన్నాడు. బండి పక్కకు ఆపాను.

"దిగు."

"అక్కా, నీ మంచికే..." అనబోయి నాలిక కరుచుకున్నాడు. నోరు మూసుకుని దిగాడు. ఏలూరు బస్సు వచ్చి ఆగింది. వాడు ఎడమ కాలు మెట్టు మీద వేసి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఒక్క ఊపులో ఎక్కేశాడు. అద్దంలోంచి అంతా చూశాను. ఆ మెట్టు వాడికి మోకాలి ఎత్తు కూడా లేదు.

గేరులో పెట్టి, బ్రేకు మీంచి కుడికాలు తీశాను. ఏమీ తొక్కకుండానే బండి మెల్లగా ముందుకు కదిలింది.